గోడ ముందు పటేలు

ఇది మహాకావ్యానికి తగిన కథ: వాగు, అన్యాయం, న్యాయం కోసం బయలుదేరిన వృద్ధుడు. నిజానికి సిద్దిపేట బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన రెండు ఫోటోలు చూపించాడు, అంతే.

పాత ఫోటోలో ఊరి వీధి తిన్నగా వాగులోకి దిగుతోంది; ఎడ్లబండ్లు నీళ్లలోంచి దాటుతున్నాయి. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా పటేలు గోడ కట్టాడట. బండ్లు పొలాలకు పోయే దారే లేదు. నిజాం సర్కారు కచేరీలో చూపించి గోడ తీయించాలని కొత్త ఫోటో దిగారు. అందులో ఊరంతా ఉతికిన బట్టలు కట్టుకుని వరసగా నిలబడింది.

"గోడేది తాతా?"

"మా ఎనుకనే ఉన్నది బిడ్డా. గీ నడుమ కుర్సీల కూసున్నది పటేలు."

నాకు తల బాదుకోవాలనిపించింది.

"ఆయనెందుకొచ్చిండు?"

"ఫోటో తీస్తున్నరంటే రాడా? కుర్సీ మేమే ఏసినం."

"జర జరుగుమనకపోయిన్రా?"

"పటేలును జరుగుమంటమా! గంత ధైర్యముంటే ఫోటో ఎందుకు, గోడనే జరుపకపోదుమా?"

నా నాలుక మీదున్న వెటకారం అక్కడే ఆగిపోయింది. బస్సు దిగాక నా పని పక్కన పెట్టి, ఆయన్ను కచేరీ దాకా తీసుకెళ్లాను.

శుక్రవారం. కచేరీకి సెలవు.