ఉస్తాద్ ఇవ్వని కలకండ

మా గనుల ఊరి ఫుట్‌బాల్ ఉస్తాద్ పోయిన శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూశారు. నమాజుకు లేచి, ముఖం కడుక్కుని, ఛాతీలో బరువుగా ఉందంటూ మంచం మీద ఒరిగారట. ఇంటావిడ చాయ్ కాచి తెచ్చేసరికి అంతా అయిపోయింది. కబురు అందేసరికి నేను ఆసుపత్రిలో ఒక కార్మికుడి మోకాలికి కట్టు కడుతున్నాను. కట్టు పూర్తిచేసే వెళ్లాను. సగంలో వదిలి వచ్చి ఉంటే ఆయనే నన్ను కోప్పడేవారు.

ఆదివారం సాయంత్రం మైదానంలో సంతాపసభ పెట్టారు. ఒకప్పుడు మా టీములో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, ఆ తరువాత పట్నం టీములో పేరు తెచ్చుకున్న ఆటగాడు కారులో వచ్చాడు. ఉస్తాద్ ఫోటోకు అందరికంటే పెద్ద దండ వేశాడు. మైకు ముందు కళ్లు తుడుచుకుని ఇట్లా అన్నాడు: "నేను తప్పు చేసిన్నాడు అందరు నన్ను ఛీ అన్నరు. ఉస్తాద్ ఒక్కడే నాకు రెండో మోకా ఇచ్చిండు. తన చేతితోటి నా నోట్లె మిశ్రీ పెట్టిండు."

జనం చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు.

రెండో అవకాశమిచ్చి కలకండ పెట్టారన్న ఆ మాట అబద్ధం. నేను ఎముకల వైద్యుణ్ణి. విరిగిన ఎముకను సరిగ్గా కూర్చకుండా కట్టు కడితే అది వంకరగా అతుక్కుంటుంది. ఆ తరువాత ఆ వంకరే దాని సహజమైన ఆకారమని అందరూ అనుకుంటారు. ఉస్తాద్ జ్ఞాపకం అట్లా అతుక్కుపోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉస్తాద్ నిజాం ఫౌజులో ఆట నేర్చుకున్నవారు. ఆ ఫౌజు రద్దయ్యాక మంచిర్యాల పక్కన ఉన్న మా గనులకు వచ్చారు. కాగితం మీద ఆయన చౌకీదారు. చేసింది మాత్రం టీమును తయారుచేయడం. ఆ రోజుల్లో బాగా ఆడేవాళ్లకు గనిలోకి దిగే అవసరం లేని ఉద్యోగం ఇచ్చేవారు. గని దీపాలు తుడిచి ఇచ్చే దీపాల గదిలోనో టైమాఫీసులోనో హాజరు వేయించుకుని నేరుగా మైదానానికి పోవడమే వాళ్ల పని. జీతం, ఉండటానికి క్వార్టరు, అన్నీ ఆట మీదే ఆధారపడి ఉండేవి.

ఆయన జేబులో ఒక గుండ్రని రేకు డబ్బా ఎప్పుడూ గలగలమనేది. అందులో కలకండ పలుకులు ఉండేవి; ఆయన మాటలో మిశ్రీ. ఆట ముగియగానే ఆటగాళ్లను వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరి నోట్లో ఒక్కో పలుకు పెట్టేవారు. గోల్ కొట్టినవాడు మాత్రం ఆట మధ్యలోనే నోరు తెరుచుకుని ఆయన దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు. పిట్టపిల్లల్లా ఉన్నారని మేమంతా నవ్వేవాళ్లం.

"ఓడినోళ్లకు గూడ పెడ్తవేంది ఉస్తాద్?" అని ఒకసారి అడిగాను.

"ఓడినోని నోరు చేదుంటది డాక్టర్ సాబ్. అసలు మిశ్రీ వానిదే. గెలిచినోనికి ఊకెనే పెడుతున్న, అలుగుతడని."

తప్పు చేసినవాణ్ణి మళ్లీ దగ్గరికి తీయని మనిషి కాదాయన. మా గోల్‌కీపర్ ఒకసారి క్లబ్బు బంతిని మంచిర్యాల బజారులో అమ్ముకుని తాగాడు. మూడో రోజు తానే వచ్చి, తలవంచుకుని, అమ్మిన దుకాణం పేరు చెప్పాడు. ఉస్తాద్ అతణ్ణి వెంటబెట్టుకుపోయి, అతని చేతనే దుకాణదారుణ్ణి బతిమాలించి బంతిని తెప్పించారు. ఆ సాయంత్రమే గోల్ ముందు నిలబెట్టారు. ఎవరో గొణిగితే, "ఎవని దగ్గర తీసిండో వాని చేతిలనే పెట్టిండు. ఇగ మీకేంది ఫికర్?" అన్నారు. ఆయన లెక్క ఎప్పుడూ అంత సూటిగానే ఉండేది.

సెంటర్ ఫార్వర్డ్ సంగతి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి సంవత్సరాల నాటిది. ఒక పెద్ద ఆట గెలిచిన మరునాటి ఉదయం అతని భార్య కుడి చెయ్యి ఒడిలో పెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. నల్ల కాడ, అంటే నీళ్ల కుళాయి దగ్గర, జారిపడ్డానని చెప్పింది. జారిపడేవాళ్లు అరచెయ్యి నేలకు ఆన్చుకుంటారు. వాళ్లకు సాధారణంగా మణికట్టు దగ్గర విరుగుతుంది. ఆమెకు ముంజేతి నడుమ విరిగింది. మీద పడుతున్న దెబ్బ నుంచి తలను కాచుకోవడానికి ఎత్తిన చెయ్యి అక్కడ విరుగుతుంది. నేను ఆమెను ఇంకేమీ అడగలేదు. ఎముక కూర్చి, కట్టు వేసి, ఆడవాళ్ల వార్డులో పడుకోబెట్టాను.

ఆ వారంలోనే ప్రాక్టీసులో అతని చీలమండ బెణికింది. అతణ్ణి వరండాకు అవతల, అధికారులకని ఉంచిన గదిలో చేర్చారు. ఇక చూడాలి రాకపోకలు! క్లబ్బు సెక్రటరీ, టైమాఫీసు వాళ్లు, బజారు దుకాణదారులు బుట్టలతో పండ్లు తెచ్చారు. "కాలు ఎట్లున్నది?" "వాపు దిగిందా?" "కరీంనగర్ ఫైనల్ నాటికి లేస్తడా డాక్టర్ సాబ్?" వరండాకు ఇవతల ఒక ఆడమనిషి విరిగిన చేతితో పడుకుని ఉందని వాళ్లందరికీ తెలుసు. ఎట్లా విరిగిందో కూడా తెలుసు. ఒక్కరూ ఆ గుమ్మం వైపు చూడలేదు. ఆమె సంగతి నేనే ఎత్తితే సెక్రటరీ గొంతు తగ్గించి, "అది ఇంటి లొల్లి డాక్టర్. మనకెందుకు? మీరు కాలు చూడున్రి," అన్నాడు. కుళ్లిన గాయాలు నిత్యం చూసే నాకు, ఆ గదిలో పేరుకున్న పండ్ల వాసన భరించరానిదిగా తోచింది.

ఉస్తాద్ ఆ మధ్యాహ్నం వచ్చారు. అందరిలా కుడివైపుకు తిరగలేదు. నేరుగా ఆడవాళ్ల వార్డు గుమ్మం దగ్గర ఆగి, "రావచ్చా బేటా?" అని అడిగి లోపలికి వెళ్లారు.

"ఏమైంది?"

"నల్ల కాడ జారిన చిచ్చా."

"గా నల్లకు చేతులున్నయా?"

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే ఏడుపు వచ్చేసింది. ఆయన డబ్బా తీసి ఒక పలుకు అందించారు. కుడి చెయ్యి కట్టులో ఉంది. పెద్దమనిషి ఇచ్చేదాన్ని ఎడమ చేత్తో తీసుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. చివరికి ఆయనే నోట్లో పెట్టారు.

"గోల్ కొట్టినోళ్లకే పెడ్తవనుకున్న చిచ్చా."

"నువ్వు గోల్ ఆపినవ్ బేటా. తలకాయకు తగలకుంట చెయ్యి అడ్డం పెట్టినవ్. నా గోల్‌కీపర్‌కు గూడ గంత తెలివి లేదు."

తరువాత వరండా దాటి అవతలి గదికి వెళ్లారు. నేను వెంట ఉన్నాను. సెంటర్ ఫార్వర్డ్ చేతులు జోడించాడు.

"తప్పైంది ఉస్తాద్. జర తాగి ఉన్న. అందరి ముందట మాఫీ అడుగుత."

"అందరికి ఏం విరిగింది?" అన్నారు ఉస్తాద్. "లేస్తే పదడుగులు. గా వరండా దాటు. ఆమె కాడికి పో. నా కాడికి తర్వాత రా."

అతడు మాట నిలబెట్టుకున్నాడు, తనకు అనుకూలమైనంత వరకు. సెక్రటరీని మాఫీ అడిగాడు. టీమును అడిగాడు. ప్రాక్టీసు చూడవచ్చిన జనం ముందు మోకరించి అడిగాడు. జనం ఈలలు వేసి, భుజాల మీద మోశారు. వరండా మాత్రం దాటలేదు. కాలు నయమై ఇంటికి పోయిన రోజు కూడా ఆ వార్డు ముందునుంచే, తల అటు తిప్పకుండా నడిచి వెళ్లాడు.

రెండు రోజులకు అతని తల్లి కోడలిని తీసుకుపోవడానికి వచ్చింది. ఎముక ఇంకా అతకలేదన్నాను. "ఆడేటోడు డాక్టర్ సాబ్, వానికి తిండి బలంగ ఉండాలె. వండిపెట్టెటోళ్లెవరు?" అంది. కోడలు అత్త వెంట వెళ్లింది. బిందెలు ఎత్తడానికి అడ్డంగా ఉందని గడువుకు చాలా ముందే ఆ కట్టును కత్తిపీటతో కోసి తీయించారని తరువాత తెలిసింది. ఎముక వంకరగా అతికింది. ఆ కుడి అరచెయ్యి ఈనాటికీ పూర్తిగా పైకీ తిరగదు, కిందికీ తిరగదు. కరచాలనానికి చాచినట్టు నిలువుగా నిలబడిపోతుంది.

అతణ్ణి ఫైనల్లో ఆడించవద్దని ఉస్తాద్ సెక్రటరీకి చెప్పారు. సెక్రటరీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ఆడకపోతె నౌకరి పోతది. నౌకరి పోతె క్వార్టరు పోతది. రోడ్డు మీద పడేది ఆమెనే గద? ఆమె మీద గంత దయ ఉన్నోనివి, గిదేం న్యాయం ఉస్తాద్?"

ఆమె నెత్తి మీది ఇంటికప్పును ఆమె మీదికే ఆయుధంగా ఎత్తిన ఆ మాట నేను మరిచిపోలేను. ఉస్తాద్ నేరుగా ఆ క్వార్టరుకు వెళ్లి, వాకిట నిలబడి, ఆమెనే అడిగారు.

"నాకు ఇల్లు గావాలె చిచ్చా," అందట ఆమె. "వానికి చప్పట్లు కొడితె నాకేమొస్తది?"

ఆయన తిరిగి వచ్చి సెక్రటరీతో అన్న మాటలు నేను స్వయంగా విన్నాను. "నౌకరి తియ్యకున్రి. దీపాల గదిల కూసోబెట్టి నిజంగ పని చెయ్యనియ్యున్రి. జీతమియ్యున్రి, క్వార్టరు ఉంచున్రి. ఎంత తప్పు చేసినా మనిషికి రోటీ ఉండాలె. చప్పట్లు ఉండాలని యాడ రాసున్నది?"

"గోల్ కొట్టకుంట దీపాలు తుడిచెటోడు నాకెందుకు?" అన్నాడు సెక్రటరీ.

ఆ ఒక్క ప్రశ్నతో నాకు సంగతి తేటపడింది. రెండో అవకాశం, క్షమ, పెద్దమనసు అంటూ వాళ్లు వాడిన మంచి మాటలన్నీ ఒక కాలి కోసం. కాలు చెడితే అదే పెద్దమనసు అతణ్ణి మరునాడే వీధిలోకి నెట్టి ఉండేది. అతణ్ణి సంపూర్ణమైన మనిషిగా చూసి, వరండా దాటగలవు పో అని చెప్పింది ఉస్తాద్ ఒక్కరే.

ఫైనల్లో అతణ్ణి ఆడించారు. మిగతా పదిమందీ తన పిల్లలే కనుక ఉస్తాద్ కరీంనగర్ వెళ్లారు. నేనూ వెళ్లాను. ఆట ముగియబోతుండగా అతడే గోల్ కొట్టాడు. చాలా అందమైన గోల్, అది కూడా నిజమే. మైదానం హోరెత్తింది. అతడు రెండు చేతులూ చాచి ఉస్తాద్ వైపు పరిగెత్తుకొచ్చి, ఎప్పటిలాగే నోరు తెరిచాడు.

ఉస్తాద్ చేతిలో డబ్బా ఉంది. ఆయన దాని చుట్టూ వేళ్లు ముడిచారు.

"వరండా దాటినవా?" అని అడిగారు. గొంతు పెంచలేదు.

అతడు తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడిపోయాడు. హోరు మెల్లగా తగ్గి, ఎక్కడో ఒకరిద్దరు నవ్వారు. రెఫరీ ఈల వేశాకగాని అతడు కదలలేదు. ఆట తరువాత ఉస్తాద్ మిగతా పదిమంది నోళ్లలో పలుకులు పెట్టారు. ఓడిన టీము దగ్గరికి కూడా నడిచి వెళ్లి, ఆ పదకొండుమందికీ పెట్టారు.

మరుసటి వారం ఉస్తాద్‌ను టీము నుంచి తప్పించి ఒట్టి చౌకీదారును చేశారు. గెలిచిన ఆటగాణ్ణి నలుగురిలో అవమానించారన్నది అభియోగం. ఊళ్లో చాయ్ హోటళ్లలో అందరూ తలూపారు. "ముసలోనికి పొగరు. ఆట వేరు, ఇల్లు వేరు గద," అన్నారు. ఆట వేరే అయితే, ఆ గోల్ చూపి అతని ఇంటి పాపాన్ని ఎట్లా మాఫీ చేశారని నేను అడిగాను.

తరువాతి సీజనులో పట్నం టీము పిలిస్తే సెంటర్ ఫార్వర్డ్ వెళ్లిపోయాడు, ఒంటరిగా. క్వార్టరు ఖాళీ చేయించారు. అతని కోసం ఆమెను అడ్డం పెట్టిన సెక్రటరీ, ఆమె సామాను బయటపడిన రోజు ఆ దరిదాపుల్లో కనిపించలేదు. ఉస్తాద్ దంపతులు ఆమెను తమ ముందుగదిలో ఉంచుకున్నారు. ఆసుపత్రిలో ఆయా పని ఖాళీ అయినప్పుడు నేను ఆమె పేరు రాశాను. ఆడవాళ్ల వార్డులోనే, ఒకప్పుడు తాను పడుకున్న మంచానికే ఇప్పుడు ఆమె దుప్పటి మారుస్తుంది.

ఉస్తాద్ మోకాలి నొప్పికని తరచూ వచ్చేవారు. మోకాలు సాకేనని నాకు తెలుసు. అందరికీ పలుకు పైనుంచి అరచేతిలో వేసేవారు. ఆమెకు మాత్రం అట్లా ఇచ్చేవారు కాదు. తన చెయ్యి పక్కకు వంచి, ఆమె వేళ్ల మధ్యకు పక్కనుంచి జార్చేవారు. తిరగని చెయ్యి తిరగలేదని ఎవరికీ తెలియకుండా. వైద్యుణ్ణి కనుక నేను గమనించాను.

"గీ చెయ్యి ఎవ్వని ముందట చాపనీకి రాదు బేటా," అని ఒకనాడు వేళాకోళమాడారు. "మంచిదే అయింది."

"నీ ముందట చాపుతనే ఉన్న గద చిచ్చా."

"గిది చాపుడు గాదు. గిది పాస్ తీసుకునుడు."

సంతాపసభ నుంచి నేను ఇంటికి పోలేదు. ఆసుపత్రికి వెళ్లాను. ఆమె డ్యూటీలో ఉంది. అతడు మైకులో చెప్పిన మాట ఆమెకు అప్పటికే తెలిసింది. పట్నం నుంచి ఇంత దూరం వచ్చినవాడు ఇటు వచ్చాడా అని అడగబోయి ఆగాను. ఆమె నా ముఖం చూసి, "రాలే డాక్టర్ సాబ్. కారు గేటు ముందటికెల్లే పోయింది," అంది. దుప్పటి మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. తరువాత చీర కొంగు ముడి విప్పి, రేకు డబ్బా తీసింది. ఉస్తాద్ ఇంటావిడ దాన్ని ఆమెకే ఇచ్చిందట.

నేను అరచెయ్యి చాపాను. ఆమె చెయ్యి నా అరచేతి మీదికి వచ్చి, తిరగలేక నిలువుగా ఆగింది. అప్పుడు నేనే నా చెయ్యి పక్కకు వంచాను. పలుకు నా వేళ్ల మధ్యకు జారింది. వరండా అవతలి గది చీకటిగా ఉంది. ఆమె డబ్బా మూత పెట్టి, చెవి దగ్గర ఒకసారి ఆడించి విని, మళ్లీ కొంగున కట్టుకుంది.