మీ బిడ్డ బొమ్మ మీకు అమ్మం

పోయిన మంగళవారం పొద్దున నాన్న ఫోన్ చేశాడు. "మన డ్రాయింగ్ మేష్ట్రు పోయినాడు పాపా" అని ఏడ్చేశాడు. ఒకప్పుడు ఆ మేష్ట్రు పేరెత్తితే పళ్లు నూరిన మనిషి మా నాన్న. ఆ సంగతే చెప్పాలని కూర్చున్నాను.

మాది నిడుగల్లు పక్కన పల్లె. నేను ఏడో తరగతిలో ఉండగా చుట్టూ చేలల్లో సోలార్ ప్లేట్లు లేస్తున్నాయి. మా బడిలో మాత్రం ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. కాస్త ఎదిగిన పిల్లలు ఒక్కొక్కరే మానేసేవారు. "వచ్చే ఏడు నువ్వూ ఇంట్లోనే. పెద్దపిల్లవి, అవసరమొస్తే యాడికి పోతావు?" అని నాన్న తేల్చేశాడు. ఏడ్చి గీపెట్టినా వినలేదు.

అప్పుడే మేష్ట్రు, పిల్లల బొమ్మలు అమ్మి మరుగుదొడ్డి కట్టిద్దామన్నారు. ఊళ్లో నవ్వారు. "సోలార్ కంపెనీ వాళ్లని అడిగితే అయిపోతాది కదా సార్" అన్నారు.

"అడగండప్పా, నేనొద్దంటినా? వాళ్లిచ్చే లోపల ఈ పిల్లోల్లకు పెండ్లిళ్లయిపోతాయి."

ఆయనది ఉడుం పట్టు. క్లాసులోకి రాగానే మా రబ్బర్లన్నీ లాక్కుని జేబులో వేసుకునేవారు. "తుడిపేది ఏంటికి? తప్పు గీత పక్కనే మంచి గీత గీయి" అనేవారు. దేవుడి బొమ్మలు గీస్తే ఒప్పుకునేవారు కాదు. "క్యాలెండరు చూసి గీసింది క్యాలెండరోడే అమ్ముకుంటాడు. నువ్వు చూసింది గీయమ్మా." నేను ప్లేట్ల నీడన పడుకున్న మా గొర్రెల్ని గీశాను.

అమ్మకం రోజు నాన్న వచ్చాడు. ఆడపిల్ల గీసిన బొమ్మ ఎవరింటి గోడకో వేలాడటం ఆయనకు నచ్చలేదు. నా బొమ్మ తనకిచ్చేయమన్నాడు.

"మీ బిడ్డ బొమ్మ మీకు అమ్మం. వేరే బిడ్డది తీసుకోప్పా" అన్నారు మేష్ట్రు.

"ఇదేం చోద్యం! నా కూతురు గీసింది నాకు కాకపోతే ఎవురికి?"

"ఎవురు కొంటే వాళ్లకి."

నాన్న కండువా దులుపుకుని విసవిసా వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా బొమ్మను పావగడ బస్టాండు దగ్గరి అంగడి శెట్టి ఒకాయన కొనుక్కుపోయాడు.

కొన్నాళ్లకు నాన్న గొర్రెల మేతకు చెనిక్కాయ చెక్క కోసం ఆ అంగడికే వెళ్లాడు. తక్కెడ వెనక గోడకు నా బొమ్మ ఉంది. శెట్టి వచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపిస్తున్నాడట. "గీసిన పాప ఎవురో గానీ, చూడప్పా, ఈ గొర్రెకు చెవి చిరిగిండేది గూడా మరవలేదు!"

"ఆ గొర్రె నాదే. ఆ పాపా నాదే" అన్నాడట నాన్న.

మర్నాడు ఎవరూ పిలవకుండానే గునపం భుజాన వేసుకుని బడికి వెళ్లి, మరుగుదొడ్డికి పునాది తవ్వడానికి దిగాడు. మేష్ట్రు ఒక్క మాట దెప్పలేదు, టీ తెప్పించారు. ఎండాకాలం సెలవులయ్యి బడి తెరిచే నాటికి గది లేచింది. నేను ఎనిమిదికి వెళ్లాను. ఇప్పుడు డిగ్రీ చివరి ఏడు.

బిడ్డ బొమ్మ తండ్రికి అమ్మననే ఆ పట్టుదల ఎందుకని తర్వాత ఒకసారి మేష్ట్రునే అడిగాను. "సొంత బిడ్డదయితే కొని ఇంటికి పోతారు. పరాయి బిడ్డది కొన్నోడు ఇస్కూలు పక్క ఒకసారి తిరిగి చూస్తాడు" అన్నారు. ఆయన ఋణం ఎలా తీర్చుకోను?

అప్పటినుంచి బడిలో ఏటా బొమ్మల అమ్మకం జరుగుతోంది. ఈ ఏడు అమ్మకం తాగే నీళ్ల ఫిల్టరు కోసం. మేష్ట్రు పోయిన దుఃఖంలో ఆపేద్దామా అని హెడ్మేడమ్ అడిగారు. మేం పాత పిల్లలమంతా ఒద్దంటే ఒద్దన్నాం. శనివారం బడి ముందర తాళ్లు కట్టి బొమ్మలు తగిలించాం. అంతలో ప్లేట్ల వైపు నుంచి గాలి లేచింది. కాగితాలు చిరిగేట్టు కొట్టుకుంటుంటే పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఎవరిది ఎవరిదో చూసుకోలేదు. చేతికందిన బొమ్మ అంచును పట్టుకుని, గాలికి కళ్లు చికిలిస్తూ, కొనేవాళ్లు వచ్చేదాకా అలాగే నిలబడ్డారు.