పురుగు నడిచిన దారి

భూతద్దాన్ని మీరు ఒక్కసారైనా కలిసి తీరాలి. వస్తువు కాదండోయ్, మనిషి. పాత రాతప్రతుల గ్రంథాలయంలో తాటాకులు బాగుచేసే ఆవిడ. యాభై దాటాయి. రోజంతా అద్దంలోంచి చూసీ చూసీ మామూలు మనుషుల్ని కూడా ఒక కన్ను చిట్లించే చూస్తుంది, అందుకే ఆ పేరు. “నా మొహంలో చిల్లులు వెతుకుతున్నావా అక్కా?” అని గుమస్తా ఆటపట్టిస్తే, “చిల్లులుండాలంటే ముందు సరుకుండాలిగా” అంటుంది. నవ్వదు కూడా.

ఆవిడ గది మేడమీద. కిటికీ పక్కన పొడవాటి బల్ల, మెత్తటి కుంచెలు, నిమ్మగడ్డి నూనె సీసా, వంకరపోయిన ఆకుల మీద పెట్టే ఇసుక సంచులు. తాటాకు కట్ట చూడనివాళ్ల కోసం చెబుతున్నా: సన్నటి పొడవాటి ఆకులు, ఒక్కోదానికి రెండు కన్నాలు, వాటిలోంచి దారం, పైనా కిందా చెక్కలు. దారం తెగిందా, ఇక పేకముక్కలే.

ఈ పని ఆవిడకు నేర్పింది వాళ్ల నాన్న. ముప్పై ఏళ్లు అదే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇప్పుడు ఎనభై మూడు. కాళ్లు మొరాయించాయి గానీ మాట మాత్రం గలగలా వస్తుంది. ఆయన గొప్పగా చెప్పుకునేది ఒక్కటే. ఉద్యోగంలో ఉండగా ఒకసారి అల్మరా కూలి పన్నెండు కట్టలు తెగి నేలమీద కలిసిపోయాయి. ఆయనొక్కడే వారం రోజులు కూర్చుని అన్నిటినీ మళ్లీ గుచ్చాడు. వాటిలో ఒకటి బౌద్ధ తంత్ర గ్రంథం.

ఇక్కడే ప్రొఫెసర్ వస్తాడు. అప్పుడు కుర్రవాడు, ఇప్పుడు ఆయనకీ జుట్టు నెరిసింది. మంత్రాలు, మండలాలు, పుర్రెల దండలు వేసుకున్న ఉగ్రదేవతలు బౌద్ధంలోకి ఎలా వచ్చారన్నది పండితుల మధ్య ఎప్పటికీ తెగని గొడవ. శైవుల దగ్గర తీసుకున్నారని కొందరు. కాదు, శైవులే వీళ్ల దగ్గర తీసుకున్నారని ఇంకొందరు. శ్మశానాల్లో తిరిగే సాధువుల దగ్గర ఇద్దరూ నేర్చుకున్నారని మరికొందరు. అసలిది బౌద్ధమేనా అని మొహం చిట్లించేవాళ్లూ ఉన్నారు. ఆ కట్టలో నలభై ఒకటో ఆకు మీద శివుణ్ణి పేరుపెట్టి పిలిచే శ్లోకాలున్నాయి. బౌద్ధ రచయిత శైవ గ్రంథాన్ని ముందు పెట్టుకుని పేరు కూడా మార్చకుండా ఎత్తి రాశాడనడానికి ఇంతకన్నా సాక్ష్యమేముంది? ప్రొఫెసర్ దానిమీదే పుస్తకం రాశాడు. ముందుమాటలో ‘ఈ ఆకును కాపాడిన చేతులకు’ అని రెండు వాక్యాల కృతజ్ఞత. ఆ రెండు వాక్యాలూ నాన్న ఇంటికొచ్చిన డాక్టరుకీ చదివి వినిపించాడు, కుళాయి బాగుచేసేవాడికీ చదివి వినిపించాడు.

మొన్న తేమ పట్టిందని భూతద్దం ఆ కట్ట విప్పింది. కట్టలోకి పురుగు దూరితే ఆకు తరవాత ఆకు తొలుచుకుంటూ పోతుంది, కాబట్టి చిల్లులన్నీ వరసలో ఉండాలి. నలభైలో చిల్లు ఉంది, నలభై రెండులో ఉంది. మధ్య ఆకులో ఆ చోట చెక్కుచెదరలేదు, వేరే చోట చిల్లు. ఆవిడ లేచి వెళ్లి పక్క అరలోని శైవ గ్రంథం తెచ్చింది. అదే కొలత, అదే చేతిరాత. దానిలో ఒక ఆకు లేదు. ఆ ఖాళీలో దీన్ని పెట్టి సన్నటి పుల్ల దూర్చితే అడ్డం లేకుండా చివరిదాకా పోయింది.

రాసింది ఏ మతం వాడన్న పట్టింపు పురుగుకి లేదు మరి.

పై అధికారికి చెబితే ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. పెద్దాయన ఉన్నన్నాళ్లూ దీన్ని కదపొద్దన్నాడు, వందల ఏళ్లున్న ఆకు ఇంకో రెండేళ్లు ఆగలేదా అన్నాడు. ఆవిడకూ ఆ మాట హాయిగానే ఉంది. కానీ ప్రొఫెసర్ రెండో కూర్పు సిద్ధం చేస్తున్నాడు. మూడు రోజులు నలిగి చివరికి రిజిస్టరులో రాసింది: ఈ ఆకు ఈ కట్టది కాదు. ‘గుచ్చినవారు’ అన్న చోట ‘తెలియదు’ అని రాసింది. ఆ రిజిస్టరులో ఆవిడ రాసిన మొదటి అబద్ధం అది.

అది చదివిన ప్రొఫెసర్ నేరుగా ఇంటికే వచ్చాడు. అల్మరా కూలకముందే ఆ ఆకు అక్కడుందా అని నాన్ననడిగాడు. నాన్న మొహం వెలిగిపోయింది.

“లేదు బాబూ, నేనే గుచ్చాను. నంబరున్న అంచు విరిగిపోయింది. కొలత చూశాను, రాత చూశాను, చక్కగా కూర్చుంది.”

“పురుగు దారి కలిసిందా అండీ?”

“కలవకుండా గుచ్చుతానా? కావాలంటే అమ్మాయినడగండి. దాని కన్ను నా కన్నుకంటే గట్టిది.”

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. చేతిలో టీ పళ్లెం.

“కలవలేదు నాన్నా,” అంది. “అది పక్క కట్టలోది.”

 నాన్న, పనివాడు పనివాడితో మాట్లాడినట్టు, ఆ కట్టలో ఎన్నో ఆకు తరవాత కలిసిందని అడిగాడు. చెప్పింది. తలూపాడు.

“అది మీ అమ్మ పోయిన వారం. ఇంట్లో ఉండలేక పనికొచ్చేవాణ్ణి. అద్దం పెట్టుకుంటే తడిసిపోయేది. పెట్టుకోలేదు.”

ప్రొఫెసర్ పల్లెత్తు మాట అనలేదు. ఆ అధ్యాయం తీసేస్తానన్నాడు. దానితో ముందుమాటలో ఆ రెండు వాక్యాలూ పోతాయని ముగ్గురికీ తెలుసు. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న గొడవ ఎక్కడున్నది అక్కడికే వచ్చింది.

ఆయన వెళ్లాక నాన్న, “ఆ వారం ఇంకా పదకొండు కట్టలు గుచ్చానమ్మా. అవీ చూడు,” అన్నాడు.

ఆవిడ చూస్తోంది. మొదటి మూడూ బాగున్నాయి, నాన్నకి అదే చెప్పింది. నాలుగో దానిలో రెండు ఆకులు తారుమారు. రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాసింది, ఈసారి ‘గుచ్చినవారు’ దగ్గర నాన్న పేరు కూడా రాసింది. ఇంటికొస్తే ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

“నాలుగోది?”

“సరిగ్గా ఉంది నాన్నా.”

ఆయన వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఇంకా ఏడు కట్టలున్నాయి. మీరైతే ఏం చెప్పేవారు?