ఊక బ్యాటరీకి ఆయుధపూజ

బొబ్బిలి దగ్గర మా నాన్న రైసుమిల్లులో గుట్టలు పడే ఊకతో నేను బ్యాటరీ చేస్తున్నానంటే ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. "ఊకతోటి బేటరీ ఏటే? పిడకలతోటి సెల్లుఫోను కూడా సేసీ" అని మా అమ్మ ఏడిపించేది. చెప్పడానికైతే పని చిన్నదే. ఊక బూడిదలోంచి సిలికాన్ తీసి, కంటికి ఆననంత నలుసులు చెయ్యాలి. మామూలు బ్యాటరీలో ఉండే గ్రాఫైట్ కంటే అది ఎంతో ఎక్కువ ఛార్జి పట్టి ఉంచుతుంది. ఒకటే రోగం. ఛార్జి ఎక్కితే పూరీలా ఉబ్బుతుంది, దిగేసరికి పగులుతుంది. అందుకని దానికి పల్చటి కార్బన్ తొడుగు వేశాను. ఆ తొడుగు నిలిస్తేనే నాకు పీహెచ్‌డీ.

అది తేలాలంటే బొత్తామంత బ్యాటరీ సెల్లును టెస్టర్ అనే యంత్రంలో పెట్టి నెలల తరబడి, మధ్యలో ఆపకుండా, ఛార్జి ఎక్కిస్తూ దించుతూ ఉండాలి. అంతకుముందు చేసినవన్నీ పగిలాయి. ఇది పగల్లేదు. దసరా దాటి ఇంకొక్క వారం నడిస్తే థీసిస్ ఇచ్చేసి బయటపడతాను.

ఈలోగా ఆయుధపూజ రానే వచ్చింది. మా విజయనగరం ల్యాబులో ఆ రోజు యంత్రాలన్నీ ఆపేసి, తుడిచి, బొట్టు పెట్టి, వాటికి సెలవివ్వాలి. మా గైడు గారు మెయిన్ స్విచ్ వైపు వెళుతుంటే అడ్డం పడ్డాను.

"సార్, మీ కాళ్లు పట్టుకుంటాను, టెస్టర్ ఒక్కటీ ఆపకండి. ఆపితే మళ్లీ మొదట్నించీ!"

ఆయన కరిగిపోయారు. "సర్లేమ్మా, ఏడవకు. అదొక్కటీ నడస్తాది. పూజ సెయ్యకుండా ఒగ్గేస్తే మాత్రం అమ్మోరికి కోపం వస్తాది కదా."

నడుస్తున్న టెస్టరుకే పసుపు, కుంకుమ, బంతిపూల దండ. సైన్సు పక్కన పెట్టి నేనూ గట్టిగా దండం పెట్టుకున్నాను, అవసరం అలాంటిది. ఆయన దాని ముందే కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు చిమ్మి నేరుగా టెస్టరులోకి పోయాయి. టప్పుమంది. బోర్డు కాలిన వాసన. దాంతోపాటే నా సెల్లూ పోయింది. నేను ఆపొద్దన్నాను, సారు ఆపలేదు.

"దిష్టి పోనాదమ్మా" అన్నారాయన.

"దిష్టి కాదు సార్, నా థీసిస్ పోయింది!" అని అరిచాను. పెద్దాయన మీద అలా అరవడం అదే మొదలు.

ఆయన నా మొహంలోకి చూడలేక వంగి కొబ్బరి చిప్పలు ఏరుకున్నారు. కాయలో పువ్వొచ్చింది. దాన్ని జాగ్రత్తగా తీసి నా చేతిలో పెట్టారు. "మంచి శకునం. ఇది నీకేనమ్మా." ఏం చేస్తాను? ఏడుస్తూనే తిన్నాను. ఎంత తియ్యగా ఉందో, దరిద్రం!