మా నాయన గ్లౌజులు

నా మనవడు క్రికెట్లో కీపింగుకని కొత్త గ్లౌజులు కొనుక్కొచ్చాడు. రబ్బరు వాసన ఇల్లంతా కమ్ముకుంది. వాడు సంబరంగా నా ముక్కు దగ్గర పెడితే నాకు ఒళ్లు మండింది. వాడి తప్పేం లేదు, పాపం. నా కోపం మా నాయన మీద, ఆయనకంటే ఎక్కువగా ఆయన్ని వాడుకున్నవాళ్ల మీద.

మేం దూదేకులవాళ్లం. పామిడిలో మా వసారా నిండా దూది పింజలు ఎగురుతుండేవి. మా జడల్లో, సంగటి ముద్దలో, పీర్ల పండక్కి అమ్మ బెల్లం వేసి చేసే మలీదలో కూడా పోగులు తగిలేవి. వారమంతా విల్లు మీటి దూది ఏకి, బొంతలు కుట్టే నాయన, ఆదివారం పొద్దున్నే సద్ది తిని, ఎండిన పెన్న ఒడ్డుకు పోయి, కొబ్బరిపీచు చాప పరిచి ఆడే ఊరి జట్టుకు వికెట్ కీపరుగా నిలబడేవాడు. చాప మీద పడిన బంతి ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని మేకతోలుతో, తను ఏకిన దూది కూరి, గ్లౌజులు తనే కుట్టుకున్నాడు. వేళ్లు విరిగితే మాకు కూడు లేదు. ఇంత చేసినా బ్యాటింగుకు ఆయన్ని ఆఖర్న పిలిచేవాళ్లు, ఒక్కోసారి అదీ మరిచేవాళ్లు.

ఒక ఏడు అనంతపురంలో మ్యాచి కుదిరింది. అక్కడి పెద్ద మైదానంలో ఒక్కసారైనా ఆడాలని నాయనకు ఎన్నాళ్లుగానో ఆశ. అమ్మ తెల్లచొక్కా ఉతికి ఆరేసింది. ముందురోజు సాయంత్రం కెప్టెన్ వచ్చాడు, నూనె మిల్లు వాళ్ల కొడుకు. గడప ఎక్కకుండానే, బళ్లారి నుంచి తన బామ్మర్ది వచ్చాడనీ రేపు అతనే కీపరనీ చెప్పాడు.

"నిన్ను మళ్లీ పిలుస్తాంలే మస్తానూ. గ్లౌజులు మాత్రం ఇయ్యి."

నాయన లోపలికి పోయి తెచ్చిచ్చాడు. ఎందుకిచ్చావని అమ్మ నిలదీసింది.

"లేకుంటే ఆ పిల్లోని ఏళ్లు ఇరుగుతాయి గదా," అన్నాడు.

బామ్మర్ది చేతుల్లో బంతి నిలవలేదు, జట్టు ఓడిపోయింది. నిలుస్తుందా? లోపలి దూది ఏళ్ల తరబడి మా నాయన వంకర వేళ్లకు తగ్గట్టు అణిగిపోయి ఉండె. అది వాళ్లకెందుకు? గ్లౌజులు మా అరుగు మీద పడేసి, ఈ దూదేకులోని కుట్టు వల్లే ఓడినామన్నారు. ఇప్పటికీ నా కడుపు మండేది ఆ తర్వాత జరిగినదానికి. నాయన దీపం దగ్గర కూర్చుని, కుట్లు విప్పి, కొత్త దూది కూరడం మొదలుపెట్టాడు. తన కుట్టులోనే లోపముందని నిజంగా నమ్మాడు! మళ్లీ ఆదివారం వాళ్ల వెనకే పోయి నిలబడ్డాడు కూడా.

అనంతపురంలో ఆయన ఎప్పుడూ ఆడలేదు. మంచాన పడ్డాక ఒకరోజు ఉండబట్టలేక, ఆ పొద్దు ఎందుకు ఊరుకున్నావు నాయనా అని అడిగాను.

"మళ్లీ పిలుస్తామన్నారు గదమ్మా," అన్నాడు.

ఇప్పుడు పెన్న ఇసుకను లారీలు ఎత్తుకుపోయాయి. దూదికి మిషన్లు వచ్చాయి, నూనె మిల్లు గోడలు కూలిపోయాయి. కెప్టెనూ లేడు, బామ్మర్దీ లేడు. నాకు ఇంత కోపం ఉంది, నిలబెట్టి తిట్టడానికి ఒక్కడూ మిగల్లేదు.