ఎదురు రాకూడని మనిషి చెప్పే జాగ్రత్తలు

పరాయి దేశం పోయేవాళ్లు సంచిలో కుడుకలు పెట్టుకోకూడదు. ఎండుకొబ్బరికి నూనె ఎక్కువ, నిప్పంటుకుంటుందని విమానంలోకి రానివ్వరు. దేవుడి దగ్గర పెట్టినవని ఎంత బతిమాలినా వాళ్లు వినరు. మామిడికాయ తొక్కు పచ్చడి చేతిసంచిలో పెడితే అదీ అక్కడే ఉండిపోతుంది. పెద్ద సూట్‌కేసులో, సీసా మూతకు రెండు కవర్లు చుట్టి పెట్టాలి.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, మా ఇల్లు పాల్మాకులలో. ఎయిర్‌పోర్టు దగ్గరని చుట్టాలంతా ముందురోజే వచ్చి మా ఇంట్లో దిగుతారు. పైగా నేనూ మా ఆయనా ఒకసారి బ్యాంకాక్ పోయొచ్చాం. అక్కడ దారి తప్పాం. హోటల్ పేరుకు మన అలవాటు కొద్దీ చివర ఒక ఉకారం తగిలించి మా ఆయన చెబుతుంటే ఒక్క డ్రైవరుకూ అర్థం కాలేదు. చివరికి ఒకాయన ఎక్కుతారా అని సైగ చేశాడు. మా ఆయన సంతోషంగా, మనం సరే అనేటప్పుడు ఊపినట్టు, తల అటూ ఇటూ ఊపాడు. వద్దన్నాడనుకుని ఆ డ్రైవరు వెళ్లిపోయాడు. ఆయనకు కోపం, నాకు నవ్వు. రోడ్డు పక్కన కూర్చుని పనసతొనలు తిన్నాం. నా బతుకులో అంతగా నవ్విన రోజు ఇంకోటి లేదు. ఆ తర్వాత ఎంతో కాలం కాకముందే గుండెపోటుతో ఆయన పోయాడు.

అందుకే అందరికీ చెబుతుంటాను. హోటల్లో దిగగానే వాళ్ల లిపిలో పేరున్న కార్డు అడిగి తీసుకోండి. సరే అంటే తల పైకీ కిందికీ ఊపండి.

మాకు పిల్లలు లేరు. రావిర్యాలలో ఉండే మా అక్క కూతురే నాకూ కూతురు. మొన్న ఆ పిల్ల ఆఫీసు స్నేహితురాళ్లతో మొదటిసారి బ్యాంకాక్ బయలుదేరింది. ముందురోజే అక్కతో కలిసి మా ఇంటికి వచ్చింది. ఆ రోజంతా దాని బట్టలు నేనే సర్దాను. కార్డు సంగతి పదిసార్లు చెప్పాను.

"చిన్నమ్మా, ఇగ నాకు ఫోన్ల వెతికే పని లేదు. అంతా నువ్వే చెప్పినవ్" అంది.

మా వైపు ఎవరైనా ప్రయాణమైతే ముత్తైదువ ఎదురు రావాలి. భర్త పోయిన ఆడది కంటబడకూడదు. ఆయన పోయినప్పటి నుంచి మా ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా కారు కదిలేదాకా నేను లోపలే ఉంటాను. సర్దిపెట్టడానికి, సద్ది కట్టడానికి నా చేతులు కావాలి, మొహం మాత్రం వద్దు. ఈసారి మాత్రం గేటు దగ్గర నిలబడి, ఆ పిల్లకు చెయ్యి ఊపాలని నాకు గట్టిగా ఉండింది. పరాయివాళ్లంటే సరే, తోడబుట్టింది అట్లా అనదనుకున్నాను. పొద్దున్నే మంచి చీర కట్టుకున్నాను.

కారు వచ్చింది. అక్క నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"చెల్లె, జర లోపలికి పోరాదే. పిల్ల మొదటిసారి పోతున్నది. నాకైతే ఏం లేదు గని, మావోళ్లు ఊకోరు."

ఆ మావోళ్లెవరూ అక్కడ లేరు. నేను వంటింట్లోకి పోయాను. పక్కింటి కోడలు బిందెతో ఎదురు వచ్చినట్టుంది, అక్క ఆమెను మెచ్చుకోవడం వినిపించింది.

"చిన్నమ్మ ఏది?"

"వస్తది తియ్, నువ్వు కారెక్కు."

నేను బయటికి వచ్చేసరికి వాకిట్లో ముగ్గు మీద టైరు గుర్తులున్నాయి. అక్క కూడా కారులోనే పోయింది. డాబా ఎక్కాను. దాని విమానం ఏదో తెలియక, ఆ పూట పైనుంచి పోయిన ప్రతిదానికీ చెయ్యి ఊపాను. నేను ఎవరికీ ఏమీ కానేమో అనిపించి ఏడుపొచ్చింది.

మూడోనాడు పిల్ల ఫోను చేసింది. సాయంత్రం స్నేహితురాళ్ల నుంచి విడిపోయి దారి తప్పిందట. కార్డు చూపిస్తే డ్రైవరు నేరుగా హోటల్ ముందు దింపాడట. నేను లోపల గర్వపడ్డాను. అక్కకు కూడా చెప్పాను.

తిరిగొచ్చేవాళ్లకు శకునాలు లేవు కాబట్టి, ఎయిర్‌పోర్టుకు నన్నూ తీసుకెళ్లారు. బయట అడ్డుకమ్మీల దగ్గర నిలబడి ఉండగా అక్క అంది:

"ఆ పొద్దు ఎదురు మంచిగొచ్చింది. అందుకే పిల్ల మంచిగ పోయొస్తున్నది."

నాకు ఒళ్లు మండింది. కార్డు సంగతి ఎత్తబోయి మానుకున్నాను.

అంతలో పిల్ల ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే నన్ను గట్టిగా పట్టుకుంది.

"పోయేనాడు నువ్వెందుకు బయటికి రాలే చిన్నమ్మా? కారు మలుపు తిరిగేదాక ఎనుకకే చూసిన."

అక్క నా వైపు చూసింది.

"పొయ్యి మీద పాలు పొంగుతుండె బిడ్డా. అందుకే రాలే" అన్నాను.

"పాలెక్కడియి? పాలు రాలేదని ఆ పొద్దు నాకు నల్ల చాయే ఇచ్చినవ్ గద."

పిల్ల నా మొహం చూసి, తర్వాత వాళ్లమ్మ మొహం చూసింది. అక్క తల వంచుకుని ట్రాలీ మీది సూట్‌కేసు సరిచేయసాగింది.