బల్ల మీద పెట్టిన కవరు

ఒక ప్రశ్న వేస్తాను, చెప్పండి చూద్దాం. ఒక మనిషి చదువుకోవడానికి అప్పు తీసుకున్నాడు. ఒక్క డాలరు కూడా కట్టకుండానే ఆ అప్పు తీరిపోయింది. ఎలా?

"పారిపోయాడు!" అన్నాడు జోయెల్.

తప్పు. హన్నా, నువ్వు చెప్పు తల్లీ.

"లాటరీ, నాన్నమ్మా?"

లాటరీ డబ్బుతో తీరిస్తే కట్టినట్టే కదా! ఇద్దరికీ సున్నా. ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి, జవాబు నేనే చెబుతాను. దాంతోపాటు, మీ అమ్మ అప్పు తీర్చాల్సిన కాయితాన్ని ఒక ఆదివారం నేను దేవుడికి కానుకగా ఎలా ఇచ్చేశానో కూడా చెబుతాను. అప్పుడు మీరు చిన్నపిల్లలు. ఎలాగూ ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు. వాళ్లు నాలుగు కలిపి చెప్పేకంటే నేనే చెప్పుకోవడం మర్యాద.

మీ అమ్మ మొదట ఆస్పత్రిలో నర్సు కదా. కరోనా తగ్గి అందరం మాస్కులు తీసేసిన కొత్తలో నర్సులు చాలడం లేదని కాలేజీల్లో నర్సింగ్ సీట్లు పెంచేశారు. పిల్లలు తిరునాళ్లకి వచ్చినట్టు వచ్చి చేరారు. బాగానే ఉంది. మరి వాళ్లకి పాఠం చెప్పేదెవరు? బెంచీలు పెంచినంత తేలిక కాదు కదా టీచర్లని పెంచడం! నర్సింగ్ కాలేజీలో చెప్పాలంటే మాస్టర్స్ ఉండాలన్నారు. మీ అమ్మ ఒక పక్క డ్యూటీ చేస్తూనే మాస్టర్స్‌లో చేరింది. దానికి స్టూడెంట్ లోన్ తీసుకుంది. అప్పుడు ఒక ప్రోగ్రాం వచ్చింది. చదువయ్యాక ఇన్నేళ్లు నర్సింగ్ పాఠాలు చెబుతానని ఒప్పుకుంటే, ఏడాదికి ఇంత చొప్పున లోన్ మాఫీ చేస్తారు. అదీ జవాబు. పాఠం చెప్పి అప్పు తీర్చుకోవచ్చు. రాసుకోండి. వద్దులే, టీచరు అలవాటుకొద్దీ అన్నాను.

ఆ అప్లికేషన్‌కి కాలేజీ డీన్ మేడమ్ సిఫారసు ఉత్తరం కావాలి. ఆవిడ శుక్రవారం నాడు రాసి, కవర్లో పెట్టి, అంటించి, అంటించినచోట అడ్డంగా సంతకం చేసి ఇచ్చింది. కవరు విప్పితే ఉత్తరం చెల్లదు. శనివారం ఆవిడ మూడు వారాల సెలవు మీద ఫ్లైటెక్కింది. కవరు ఆ ప్రోగ్రాం ఆఫీసులో ఇవ్వాల్సింది సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల. అంటే ఏమిటి? ఇంకో కవరు లేదు, ఇంకో రోజు లేదు.

ఆదివారం మీ అమ్మకి డ్యూటీ. వెళ్తూ వెళ్తూ కవరు ఫ్రిజ్ మీద పెట్టింది.

"అత్తయ్యా, దీన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి. మీ అబ్బాయికి చెప్పినా దండగే. అందుకే మీకు చెబుతున్నా."

"నేనుండగా నీకెందుకమ్మా భయం?" అన్నాను.

చూశారా, ఆ ఇంట్లో ఆ కవరుకి భయం ఉన్నదే నా వల్ల!

చర్చికి బయల్దేరుతూ ఫ్రిజ్ వైపు చూశాను. అంత ముఖ్యమైన కాయితం ప్రార్థన లేకుండా వెళ్లిపోవడమేమిటి అనిపించింది. మా పాలకొల్లు చర్చిలో పరీక్ష హాల్ టికెట్టయినా, పాస్‌పోర్టయినా, ఇంటి ప్లానయినా, చివరికి కొత్త బండి తాళమైనా సరే, కానుకల బల్ల మీద ఓ పక్కగా పెట్టేవాళ్లం. పాస్టరు అయ్యగారు అన్నిటి మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. ఆరాధన అయ్యాక ఎవరిది వాళ్లం తీసుకునేవాళ్లం. ఒకసారి ఒకాయన కోడిపుంజుని కూడా పెట్టాడు, అది వేరే కథ. కవరు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

ఇక్కడ మిస్సిసాగాలో మన తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు కదా. స్కూల్ జిమ్ అద్దెకి తీసుకుంటాం. నాలుగింటికల్లా ఖాళీ చేయాలి. కవరు తీసి కానుకల బల్ల మీద ఓ పక్కగా పెట్టాను. అయ్యగారు ప్రార్థన చేశారు, నేను కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాను. అంతవరకూ పాలకొల్లే! ఆ తర్వాత టీ దగ్గర ఒకావిడ, "ఆంటీ, గోంగూర ఇక్కడ కుండీలో పెరుగుతుందా?" అని అడిగింది. అడిగినవాళ్లకి చెప్పకుండా ఎలా ఉంటాను? మట్టి దగ్గర మొదలుపెట్టి పచ్చడి దాకా చెప్పాను. చెప్పి వెనక్కి తిరిగితే, కవరు సంగతి అటుంచండి, బల్లే లేదు!

కుర్చీలు మడుస్తున్న అమ్మాయిని అడిగాను, "బల్ల ఏదమ్మా?"

"టేబుల్ ఫోల్డ్ చేసి వ్యాన్‌లో పెట్టేశాం ఆంటీ."

"దాని మీద ఉన్నవి?"

"ఆఫరింగ్ అంతా రత్నం అంకుల్ పట్టుకెళ్లిపోయారు."

రత్నం గారంటే మన చర్చి ట్రెజరర్. ఆయన ఉండేది ఊరికి అవతలి కొసన, స్కార్‌బరోలో. ఇంటికెళ్లగానే కానుకల కవర్లన్నీ విప్పేస్తారు. గబగబా బయటికొచ్చాను.

మీ నాన్న కారు తెచ్చాడు. "అమ్మా, మొహం అలా ఉందేంటి?"

"ఏం లేదు. ఒకసారి రత్నం గారింటికి వెళ్దామా? ఆయన్ని చూసి చాలా రోజులైంది."

"అరగంట కిందటే కదమ్మా ఆయన పక్కన కూర్చున్నావ్!"

ఇక దాచలేక చెప్పేశాను. మీ నాన్న సీట్ బెల్ట్ గట్టిగా లాగి పెట్టుకున్నాడు. ఫోర్-ఓ-వన్ హైవే ఎక్కాం. ఆదివారం సాయంత్రం కదా, కార్లు చీమల బారులా కదులుతున్నాయి. మీరిద్దరూ వెనక సీట్లో నోళ్లు తెరుచుకుని నిద్ర. రత్నం గారికి ఆరుసార్లు ఫోన్ చేశాం. ఆయన భక్తిగా చర్చిలో సైలెంట్‌లో పెట్టిన ఫోన్‌ని అంతే భక్తిగా వదిలేశారు!

ఇంతలో కారు స్పీకర్లో మీ అమ్మ ఫోను. "అత్తయ్యా, బ్రేక్‌లో ఉన్నా. కవరు జాగ్రత్తగా ఉంది కదా?"

ముప్పైనాలుగేళ్లు పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పినదాన్ని. ఏమనాలి?

"దేవుడి దగ్గర భద్రంగా ఉందమ్మా," అన్నాను.

"మీ ప్రార్థనలే నాకు ధైర్యం అత్తయ్యా," అని పెట్టేసింది.

మీ నాన్నకి దగ్గు వచ్చింది. నార్త్ యార్క్ దాటేదాకా దగ్గుతూనే ఉన్నాడు.

రత్నం గారి అపార్ట్‌మెంట్ పదకొండో అంతస్తు. మిమ్మల్ని చూసుకుంటూ మీ నాన్న కింద కార్లోనే ఉండిపోయాడు. పైన ఆయన భార్య కమల గారు తలుపు తీశారు. లోపల డైనింగ్ టేబుల్ నిండా కవర్లు. రత్నం గారి కుడిచేతిలో కవర్లు కోసే చాకు. ఎడమచేతిలో, ఎవరిదనుకున్నారు, మీ అమ్మ కవరే!

"ఆగండి!" అన్నాను.

ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో అరిచిన గొంతు అది. ఆయన చాకు కింద పెట్టి లేచి నిలబడ్డారు, పాపం.

సంగతంతా చెప్పాను. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి.

"టీచర్ గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ బల్ల మీద పెట్టి ప్రార్థన చేసింది ఏదైనా కానుకే. వాపసు ఇవ్వాలంటే కమిటీ తీర్మానం చేయాలి."

"కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?"

"వచ్చే ఆదివారం."

"గడువు రేపు పన్నెండింటికండీ!"

"నేనేం చేయను? పైగా దీంట్లో మీరు చెప్పిన ఉత్తరమే ఉందని రుజువేంటి?"

"విప్పి చూసుకోండి... అయ్యో వద్దొద్దు, విప్పకండి!"

వంటింట్లోంచి కమల గారు గరిటతో సహా వచ్చారు. "ఏమండీ, దేవుడికి నర్సింగ్ కాలేజీలో ఉద్యోగం ఎందుకండీ? ఇచ్చేయరాదూ!"

"రూలు, కమలా!"

అప్పుడు నాకు దుఃఖం వచ్చేసింది. నిజంగానే వచ్చింది, నవ్వకండి. "రత్నం గారూ, ఆ పిల్ల డ్యూటీ నుంచి వచ్చి, పిల్లలకి అన్నం పెట్టి, నా చేతినే బొమ్మ చేతిలా పట్టుకుని, బీపీ ఎలా చూడాలో క్లాసు చెప్పడం ప్రాక్టీసు చేస్తుంది. తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి. నేను అంతమంది టీచర్లని చూశాను, ఇంత ఓపిక చూడలేదు. అది ముట్టుకోవద్దంది, నేను ముట్టుకున్నాను. నా తెలివితక్కువకి దాని చదువుని దండించకండి," అన్నాను.

ఆయన కవరు అటూ ఇటూ తిప్పారు. తర్వాత రిజిస్టర్ తెరిచారు.

"వాపసుకి రూలు ఒప్పుకోదు. కానీ మార్పిడి కూడదని ఎక్కడా లేదు. దీని బదులు ఇంకో కానుక వేయండి."

బ్యాగు తెరవబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"డబ్బు కాదండీ. సండే స్కూల్లో పిల్లలకి తెలుగు నేర్పడానికి ఏడాదిగా మనిషి లేరు. మీ సేవ వేయండి."

"వేశాను!" అన్నాను. ఇంకా ఆయన వాక్యం పూర్తి కాలేదు. పెన్ను లాక్కుని సంతకం పెట్టి, కవరు తీసుకుని, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఎనిమిదో అంతస్తు దగ్గర మోకాళ్లు గుర్తొచ్చి లిఫ్ట్ పిలిచాను.

మీ అమ్మ ఇంటికొచ్చేసరికి కవరు ఫ్రిజ్ మీద ఉంది. మర్నాడు పదింటికే ఆఫీసులో ఇచ్చేసింది. ఇచ్చినట్టు చెప్పాక అప్పుడు ఒప్పుకున్నాను. కళ్లు ఇంతేసి చేసింది. తర్వాత కుర్చీలో కూలబడి, "అత్తయ్యా, అందుకేనా నిన్న నేను గుమ్మంలో అడుగు పెట్టగానే కాఫీ ఇచ్చారు?" అని కడుపు పట్టుకుని నవ్వింది. కొన్ని వారాలకి ఆ ప్రోగ్రాం వాళ్లు ఒప్పుకుంటూ ఉత్తరం పంపారు. ఇప్పుడు చూడండి, మీ అమ్మ క్లాసుకి వెళ్తుంటే ఏడాదికేడాది లోన్ కరుగుతోంది. ఇంకొన్నేళ్లలో మొత్తం అయిపోతుంది.

"మరి నీ సండే స్కూల్ ఎన్నేళ్లకి అయిపోతుంది నాన్నమ్మా?" అంది హన్నా.

మంచి ప్రశ్న వేశావు తల్లీ. ఆ రిజిస్టర్లో 'ఎప్పటివరకు' అని ఒక గడి ఉందట. నేను దాన్ని ఖాళీగా వదిలేసి కింద సంతకం పెట్టానట. పోయిన వారం రత్నం గారు తీసి చూపించారు. చదవకుండా ఎక్కడా సంతకం పెట్టకండర్రా అని ముప్పైనాలుగేళ్లు పిల్లలకి నూరిపోసిన టీచరమ్మని!

సరే, లేవండి లేవండి. రేపటి క్లాసుకి పదకొండు అట్టల మీద గుణింతాలు రాయాలి, ఇంకా నాలుగో అట్టలోనే ఉన్నాను.